కిడ్నీ పాఠానికి ప్రతిపదార్థం

నేను పాఠం చెబితే పిల్లలు పుస్తకం తెరవాల్సిన పని ఉండదని నాకొక పేరుండేది. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, చాలా ఏళ్లు దాన్ని జాగ్రత్తగా మోసింది నేనే. జీవశాస్త్రం టీచరుగా నా పద్ధతి కథ చెప్పడం. గుండె అంటే పంపుసెట్టు. ఊపిరితిత్తులంటే కొలిమి తిత్తులు. కిడ్నీ అంటే జల్లెడ. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. చివర్లో పది వాక్యాల నోట్సు చెప్పేదాన్ని, అవి బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కేవాళ్లు. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు నా సర్వీసులోంచి ఒక మంచి సంగతి చెబుదామని కూర్చుంటే, ఆ పేరు పోగొట్టుకున్న సంవత్సరమే ముందుగా గుర్తొస్తోంది.

నా చివరి పోస్టింగు పెనుకొండకూ హిందూపురానికీ మధ్య, పెద్ద రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన ఒక పల్లెలోని హైస్కూలు. పుట్టింది హిందూపురంలో, కాపురం ధర్మవరంలో. పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కి పెనుకొండలో దిగి, అక్కడి నుంచి బస్సు, బస్సు దిగాక షేరాటో. రైలు ఆలస్యమైతే ఆటో ఉండదు, ఆటో ఉంటే అందులో చోటుండదు. ఊళ్లో సగం ఇళ్లలో మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు. పురుగులు బాగా తినే రోజుల్లో బళ్లో హాజరు తగ్గేది. ఆకు కోయడానికి పిల్లలూ కావాలి మరి.

ఒకరోజు ఒక అధికారి పదో తరగతికి వచ్చారు. మెత్తగా మాట్లాడే మనిషి. పిల్లల దగ్గర ఒక పుస్తకం తీసుకుని మధ్యలో ఎక్కడో తెరిచారు. ఇప్పటి పుస్తకాలు మీకు తెలుసు కదా, ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుపక్క తెలుగు. విసర్జన పాఠంలో ఒక పేరా చూపించి, ముందు బెంచీలో ఉన్న అమ్మాయిని చదవమన్నారు. మా క్లాసులో చురుకైన పిల్ల. రెండు జడలు, ఎప్పుడూ సిరా అంటిన వేళ్లు. తెలుగు పక్క గడగడా చదివేసింది. ఎక్కడా తడుముకోలేదు. నేను గర్వంగా నిలబడి ఉన్నాను.

"ఏం అర్థమైందమ్మా?" అన్నారాయన.

అమ్మాయి నా వైపు చూసింది. క్లాసు మొత్తం నా వైపే చూసింది.

"ఆ పాఠం టీచరు ఇంకా చెప్పలేదు సార్" అంది.

"పుస్తకం ఇప్పుడే చెప్పింది కదమ్మా" అన్నారు ఆయన నవ్వుతూ.

నేను ఉండబట్టలేకపోయాను. ముందుకొచ్చి, కిడ్నీ జల్లెడ లాంటిదనీ, రక్తంలోని చెత్తను మాత్రం పట్టి బయటికి పంపుతుందనీ, చాలాసేపు కథ చెప్పాను. పిల్లల ముఖాలు వికసించాయి. ఆయన మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నారు. తర్వాత, "చాలా బాగా చెప్పారు మేడం. అయితే నేను అడిగింది పిల్లల్ని" అన్నారు. తిట్టలేదు, రిజిస్టరులో ఏమీ రాయలేదు. రాసి ఉంటే కాస్త కోపగించుకుని మరిచిపోయేదాన్నేమో.

స్టాఫ్‌రూములో ఈ సంగతి నవ్వుతూ చెప్పాలనుకున్నాను గానీ నవ్వు లేకుండానే చెప్పి ముగించాను. విన్నవాళ్లలో మా తెలుగు సారు ఉన్నారు. నాకంటే పదేళ్లు చిన్న. సన్నగా, పొడుగ్గా, జేబులో ఎప్పుడూ వేరుశనగ గింజలతో ఉండే మనిషి. మా ఇద్దరికీ అప్పటికి సఖ్యత లేదు. పదో తరగతిలో నా పీరియడ్‌కు ముందు ఆయన పీరియడ్. గంట కొట్టినా బయటికి రారు. పద్యం సగంలో ఆపితే పాపమంటారు. నేను వాకిట్లో చాక్‌పీసు పట్టుకుని నిలబడాల్సిందే.

"ఆ పుస్తకం ఒకసారి ఇయ్యండి మేడం" అన్నారు. పేరా చదివి, మళ్లీ చదివి, "ఈ వాక్యానికి క్రియ యాడుండాది?" అని అడిగారు.

"సైన్సు పాఠంలో క్రియ ఎందుకు సార్?"

"పద్యమైతే ప్రతిపదార్థం చెప్పకుండా ఒట్టి తాత్పర్యం చెప్తే పిల్లోల్లకు పద్యం వచ్చినట్టా? మీరు ముప్పై ఏండ్లుగా తాత్పర్యమే చెప్తాండారు మేడం. శానా బాగా చెప్తాండారు. అందుకే వాళ్లకు పద్యంతో పని పడలేదు."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఎవరి సాయమూ లేకుండా నేనే మొదలుపెట్టాను. "పాఠం మీరే జాగ్రత్తగా చదవండి. ముఖ్యమైన మాటల కింద గీత గీయండి" అని చెప్పి కుర్చీలో కూర్చున్నాను. అరగంట తర్వాత చూస్తే పేజీలన్నీ కోలాటం కట్టెల్లా ఎర్రగీతలు, నీలిగీతలు. గీత పడని మాట ఒక్కటీ లేదు.

"అన్నీ గీసినారేమిరా?" అన్నాను ఒకడితో.

"పుస్తకంలో ముఖ్యం కానిది ఎందుకు అచ్చేస్తారు టీచర్?" అన్నాడు వాడు.

ఇక లాభం లేదని తెలుగు సారు దగ్గరికి వెళ్లాను. నా క్లాసుకు వచ్చి ఆ పేరా ఎట్లా చదివించాలో చూపించమన్నాను. "మీ పీరియడ్‌లో తొలి పది నిమిషాలు ఎట్లాగూ నావే కదా మేడం" అని ఆయన నవ్వేశారు. అప్పుడే మొదటిసారి ఆయన జేబులోని వేరుశనగ గింజలు నా చేతిలో పడ్డాయి.

ఆయన బోర్డు మీద ఆ పేరాలోంచి రెండే వాక్యాలు రాశారు. ముందు క్రియ ఎక్కడుందో వెతకమన్నారు. ఆ పని ఎవరు చేస్తున్నారో అడగమన్నారు. 'అవి', 'దీనిని', 'మిగిలినది' లాంటి మాట కనబడితే, అది దేని గురించో వెనక్కి వెళ్లి వేలు పెట్టి చూపించమన్నారు. పెద్ద మాట అడ్డమొస్తే విడగొట్టమన్నారు. గుచ్ఛగాలనం అనే మాట దగ్గర పిల్లలంతా ఆగిపోయారు.

"గుచ్ఛమంటే గుత్తి. గాలనమంటే వడగట్టేది. సన్నని రక్తనాళాలు గుత్తిగా ఉండే చోట వడగట్టడం. అంతే. ఇంత మాత్రానికి భయపడతారేమి?" అన్నారు సారు.

ఆ తర్వాత వచ్చింది పునఃశోషణం. ఆ రెండు జడల పిల్లే లేచింది.

"పునః అంటే మళ్లా. శోషణమంటే పీల్చుకునేది. మళ్లా పీల్చుకుంటాది." పుస్తకంలోకి మళ్లీ చూసింది. "సార్, మళ్లా లోపలికి పీల్చుకుంటాదంటే, ముందు బయటికి పోయినట్టే కదా?"

"అట్లనే ఉండాది మరి."

"వెనక్కి పీల్చుకునేదాంట్లో చక్కెర, నీళ్లు కూడా రాసినారు. అంటే మంచివి కూడా ముందు బయటికి పోయినాయి." పుస్తకం మీద వేలు అట్లాగే ఉంచి నా వైపు తిరిగింది. "చెత్త మాత్రమే పోతాదని మీరు చెప్పినారు టీచర్."

నేను పుస్తకం తీసుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ పేరాను మాట వెంట మాట చదవడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. పాఠం నాకు వచ్చు కదా అని పుస్తకం తెరిచినా చూపు దాని మీద జారిపోయేది. చదివితే పిల్ల చెప్పిందే ఉంది. కిడ్నీ ముందుగా రక్తంలోంచి చెత్తతో పాటు చక్కెర, లవణాలు, బోలెడు నీళ్లు అన్నీ వడగట్టేస్తుంది. తర్వాత ఒంటికి కావాల్సినవాటిని వెనక్కి తీసుకుంటుంది. ఇంకా మిగిలింది మూత్రం. నా జల్లెడ కథ వినడానికి బాగుంటుంది గానీ, జరిగేది అది కాదు.

వెనక బెంచీ వాడొకడు, "ఇంటికి సున్నం కొట్టేటప్పుడు సామాన్లన్నీ బయట పెట్టి, కావాల్సినవి మళ్లా లోపలికి తెచ్చుకుంటాము కదా టీచర్, అట్లా" అన్నాడు. ముప్పై ఏళ్లలో నాకు తట్టని పోలిక.

"నేను చెప్పింది తప్పు" అన్నాను క్లాసుతో. తెలుగు సారు కిటికీలోంచి బయటి వేపచెట్టును చాలా శ్రద్ధగా చూస్తూ నిలబడ్డారు. ఆ మర్యాదకు ఆయనతో ఉన్న పాత తగాదాలన్నీ మాఫీ చేసేశాను. అంతకు ముందు ఎన్ని బ్యాచులకు ఆ జల్లెడ కథ చెప్పి పంపానో తలుచుకుంటే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. పేరాకు రెండు పీరియడ్లు, గట్టిదైతే మూడు. ముందు చదవడం, తర్వాత ప్రశ్నలు, ఆఖరున నేను. నోరు మూసుకుని కూర్చోవడం నాకు పాఠం చెప్పడం కంటే కష్టమైంది. పిల్లలకు మాత్రం అదొక ఆటలా పట్టుకుంది. తెలుగు పక్క అర్థం కాకపోతే ఇంగ్లీషు పక్కకు పోయేవాళ్లు. అక్కడ 'దే' అని ఉంటే ఎవరా 'దే' అని కొట్లాడేవాళ్లు. క్లాసు దాటి కూడా అదే ధోరణి. నోటీసు బోర్డులో 'వీలైనంత త్వరగా ఫొటోలు ఇవ్వవలెను' అని రాసి ఉంటే, వీలు ఎవరిది, మాదా బడిదా అని హెడ్మాస్టరు గదికి వెళ్లి అడిగొచ్చారు. ఆయన మరుసటి రోజు తేదీ వేసి మళ్లీ రాశారు. నన్ను పిలిచి, "మేడం, పిల్లలు చదువుతున్నారు, సంతోషం. సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది?" అన్నారు. సిలబస్ రావాల్సిన చోటికి చాలా దూరంలో ఉంది.

పరీక్షలు ఇంకో రెండు నెలలున్నాయనగా, ఆ రెండు జడల పిల్ల నాన్న బడికొచ్చాడు. పట్టుపురుగులు పెంచే రైతు. హెడ్మాస్టరు ఆయన్ను నేరుగా స్టాఫ్‌రూముకు తీసుకొచ్చారు. తాను చెప్పలేక దాచుకున్న మాట చెప్పేవాడు దొరికినందుకు హెడ్మాస్టరు ముఖంలో కొంచెం వెలుగు కూడా చూశాను. అమ్మాయిని కూడా పిలిపించారు. తెలుగు సారు పేపర్లు దిద్దుకుంటూ పక్క కుర్చీలో ఉన్నారు.

"మేడం, మీరు మంచోళ్లే, నేను కాదనను" అన్నాడు ఆ రైతు. "కానీ ఒక్క పేజీ మూడు దినాలు చదివిస్తాండారంట. పరీక్షలు దగ్గరికొచ్చినాయి. గైడులో జవాబులన్నీ ఉండాయి. అవి నేర్పిస్తే సాలదా? ఈ పిల్ల ఇంట్లో యా కాగితం కనపడినా అది ఎవరు, ఇది ఎందుకు అని ప్రాణం తీస్తాండాది."

"కూర్చోప్పా, మాట్లాడుకుందాం" అన్నాను.

"కూర్చునేకి లేదు మేడం. పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. పోయి పౌడరు చల్లాల."

జ్వరమంటే ఒంట్లో బాగాలేకపోవడం కాదు. పట్టుపురుగు పెరుగుతూ నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, ఒకరోజు కదలకుండా ఉండిపోతుంది. రైతులు దాన్నే జ్వరమంటారు. పుస్తకాల్లో నిర్మోచనం. పౌడరు అంటే పురుగులకు రోగాలు రాకుండా వాటి పడక మీద చల్లే మందు. దాని వాడకం గురించి ఆ పొద్దున్నే పట్టు ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితం ఆయన చొక్కా జేబులో మడతపెట్టి ఉంది. అది కనబడగానే నాకు ఉత్సాహం వచ్చింది. చదవడం వల్ల ఉపయోగం ఏమిటో ఆయనకు అక్కడికక్కడే చూపించొచ్చు అనుకున్నాను.

"ఆ కాగితం ఇటియ్యప్పా" అని తీసుకున్నాను. గ్రాంథికంలో ఒక పొడుగాటి వాక్యం. ఒక చూపు చూసి, "సరిగ్గానే చెప్పావు. నిర్మోచన దశలో చల్లాలనే ఉంది. పోయి చల్లు. అమ్మాయి చదువు గురించి రేపు మాట్లాడదాం" అన్నాను.

ఆయన కాగితం కోసం చెయ్యి చాచాడు. అమ్మాయి మధ్యలోకొచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుంది. గట్టిగా చదివింది.

"నిర్మోచన దశలోనున్న పురుగులన్నియు లేచిన పిమ్మట, మేత ఇచ్చుటకు అరగంట ముందు, పడకపై సమముగా చల్లవలెను."

తర్వాత నెమ్మదిగా, "టీచర్, మీరు మొదలు చూసినారు, చివర చూసినారు. మధ్యలోది వదిలిపెట్టినారు" అంది.

తెలుగు సారు కలం మూత పెట్టేశారు.

"లేచిన పిమ్మట అంటే లేచిన తర్వాత" అంది వాళ్ల నాన్నతో. "మనవి ఇంకా లేయలేదు కదా నాయనా. ఇప్పుడు చల్లకూడదు."

ఆ రైతు ఒకసారి నన్నూ, ఒకసారి కూతుర్నీ చూశాడు. "మేడమేమో చల్లమంటాది, నువ్వేమో వద్దంటావు. ఎవరి మాట వినాల? ముందు రెండు పంటలు ఇట్లనే పోయినాయి. నాలుగో జ్వరం దాటినాక పురుగు సోలిపోయి సచ్చిపోయింది. గుడ్లు మంచివి కాదనుకున్నా. ఇది కూడా పోతే నాకు మళ్లా పెట్టే ఓపిక లేదు."

"నా మాట వినొద్దప్పా. నేను సరిగా చదవలేదు. నీ కూతురు చదివింది" అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డానో, అన్నాక అంత తేలికైంది ప్రాణం. ఏడాదంతా మధ్యలోది వదలొద్దని పిల్లలకు చెప్పిందాన్ని, ఆయన ముందు మెప్పు కోసం తొందరపడి, రెండు నిమిషాలు ఆగలేకపోయాను.

ఆయనకు నా ఒప్పుకోలు చాలలేదు. చాలకూడదు కూడా. కాగితం అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"జ్వరంలో ఉండే పురుగు మీద చల్లేదేందప్పా?" అంది అవతలి గొంతు. "అన్నీ లేసినాక చల్లు. కాగితంలో రాసిచ్చినాం కదా, చదవలేదా?"

"చదివినాము సార్" అన్నాడు ఆ రైతు. "ఈడ ముగ్గురు చదివినాము. ఒకరికి అర్థమైంది."

తెలుగు సారుకు దగ్గు వచ్చింది. హెడ్మాస్టరు ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి నడిచారు. ఆ రైతు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, సిలబస్ మాట మళ్లీ ఎత్తలేదు. వాకిలి దగ్గర ఆగి, "మీ మూడు దినాలు మీరు కానీండి మేడం" అని వెళ్లిపోయాడు.

పరీక్షల సంగతి కూడా చెప్పేస్తాను. అద్భుతాలేమీ జరగలేదు. ఆఖరి పాఠానికి టైము చాలక, నా పాత పద్ధతిలో నోట్సు చెప్పి ముగించాను. పిల్లలు దాన్ని కాస్త జాలిగా రాసుకున్నారు. మార్కులు ఎప్పటిలా కొందరికి బాగా, కొందరికి అంతంతమాత్రంగా వచ్చాయి. లెక్కల్లో ఇద్దరు తప్పారు. అయితే జీవశాస్త్రం పరీక్ష రోజు పెనుకొండలో సెంటరు బయట నిలబడి ఉంటే, పేజీ నిండా గీతలు గీసినవాడు పరుగున వచ్చి, "ఒక ప్రశ్నలో 'కానిది' అని ఉండాది టీచర్. పక్కూరి బడివాళ్లు దాన్ని సూడకుండా రాసినారు. నేను సూసినా" అన్నాడు. వాడికి ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పుడు గుర్తులేదు. ఆ ముఖం గుర్తుంది.

ఇక ఆ పట్టుపురుగుల విషయం. రైతు స్టాఫ్‌రూముకు వచ్చి వెళ్లిన రెండు వారాలకు గూళ్లు కట్టాయని కబురు పంపాడు. ఒక శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక తెలుగు సారూ నేనూ వాళ్లింటికి వెళ్లాం. షెడ్డులో గోడల వెంట వరసగా నిలబెట్టిన చంద్రికల నిండా గూళ్లు. వెదురుతో చాపల్లా అల్లిన ఆ పెద్ద తట్టల్లోనే పురుగు గూడు కట్టుకుంటుంది. ముందు రెండు పంటలు పోయింది పౌడరు వల్లేనో, ఇంకేదైనా ఉందో నేను చెప్పలేను. ఈ పంట మాత్రం నిండుగా వచ్చింది. అమ్మాయి తల్లి ఒక చంద్రిక ముందు కూర్చుని గూళ్లు ఒలుస్తోంది. మాకు చాప వేసి, చేతిపని ఆపకుండానే మాట్లాడింది.

"నేను మొదటినుంచీ చెప్తానే ఉండా టీచరమ్మా. పురుగు పడుకున్నప్పుడు దాన్ని కదిలియ్యొద్దు, మీద ఏమీ వెయ్యొద్దు అని. దినమంతా వాటి పక్కనే ఉండేది నేను. ఆయప్ప వింటే కదా. కాగితంలో ఉంటే విన్నాడు."

రైతు నవ్వుతూ తల వంచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. స్టాఫ్‌రూములో అంతమంది చదివాం, ఒకరం ఫోన్ చేశాం. ఈమెను అడగాలని ఎవరికీ తట్టలేదు.

"ఆ కాగితంలో ఇంకా ఏమేమి రాసినారో అంతా చదువు పాపా" అంది కూతురితో. "నాకు చదువు రాదు, వినేకి వస్తాది."

అమ్మాయి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. తల్లి ఒక్కో వాక్యం దగ్గర ఆపుతోంది. ఇది సరే అంటోంది. దీనికి అర్థమేమి అంటోంది. ఒక చోట, మనం అట్లా చెయ్యడం లేదు, రేపటి నుంచి చేద్దాం అంది. తెలుగు సారు వేరుశనగ గింజలు తీయడం కూడా మరిచిపోయి వింటున్నారు. అరగంట ముందు అన్న మాట దగ్గర ఆమె చేతిలోని గూడు బుట్టలో వేయకుండా అట్లాగే పట్టుకుంది.

"మేతకు అరగంట ముందే ఎందుకు? గంట ముందు వేస్తే ఏమైతాది?"

అమ్మాయి వాక్యం మళ్లీ చదివింది. పైది చదివింది, కిందిది చదివింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది. అక్కడేమీ లేదు. నా వైపు చూసింది.

"నాకు తెలియదు" అన్నాను.

"తెలియకపోతే రాసినోళ్లను అడగండి" అంది తల్లి. "ఎందుకో రాయకుండా ఎంతసేపో రాస్తే, మేము ఎట్లా నమ్మేది?"

అమ్మాయి వాళ్ల నాన్న జేబులోంచి ఫోన్ తీసింది. నేను చాప మీద కొంచెం ముందుకు జరిగి, సంచిలోంచి కలం తీసి పెట్టుకున్నాను.